గిటారు వాయించే చేతికి కోటు

కొలతలు తీసుకునేటప్పుడు మనిషిని కదలనివ్వకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. చేతులు వదిలేసి నిలబడు, పొట్ట లోపలికి లాక్కోకు, నేల చూడకు, ఎదురుగా చూడు అంటాం. నరసరావుపేటలో బతుకంతా కత్తెర పట్టిన నేను ఆ పాఠాన్ని ఒకే ఒక్కసారి పక్కన పెట్టాను. నా పని పదిమందికీ తెలిసింది ఆ ఒక్కసారి వల్లే. హ్యాంగరుకు వేలాడే చొక్కా కొనుక్కుని ఇంటికొచ్చే ఈ కాలం పిల్లలకు ఆ సంగతి చెప్పాలనిపించింది.

ఎనభైల మొదట్లో మాట. స్టేషన్ రోడ్డులో మా మేనమామ టైలరు షాపు ఉండేది. ఊరందరికీ ఆయన మాస్టారు, నాకు మామూ. పదో తరగతి తప్పి ఆ షాపులో చేరాను. కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి కటింగ్ బల్ల దాకా వచ్చాను. నిజం చెప్పాలంటే, ఆ బల్ల నాకు దక్కింది నా గొప్పతనం వల్ల కాదు, మామూ అలిగి వదిలేసినందువల్ల.

ఆయన అలక బెల్‌బాటం ప్యాంటు మీద. అరవైల్లో గొట్టం ప్యాంటు, ఒంటికి అతికినట్టుండే కోటు కుట్టాలంటే మామూ తర్వాతే ఎవరైనా అనేవాళ్లు. సత్తెనపల్లి నుంచి, గురజాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లట. తర్వాత ప్యాంట్ల అడుగులు వెడల్పయ్యాయి, కాలర్లు ఏనుగు చెవులంతయ్యాయి. "ఇది ప్యాంటా, పావడానా?" అని మామూ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లనే అడిగేవాడు. అలా అడిగితే ఎవరు నిలుస్తారు? మాకు ఎదురుగా బొంబాయిలో పని నేర్చిన కటింగ్ మాస్టరొకడు షాపు తెరిచాడు. కుర్రకారంతా రోడ్డు దాటి అటు వెళ్లిపోయింది. దానికి తోడు మామూ కళ్లకు శుక్లాలు మొదలయ్యాయి. కత్తెర నాకిచ్చి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాకు మిగిలినవి స్కూలు యూనిఫారాలు, పెద్దవాళ్ల లాల్చీలు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నలుగురు కాలేజీ కుర్రాళ్లు మా గుమ్మంలోకొచ్చారు. ముందున్నవాడు పొడుగ్గా, సన్నగా, రివటలా ఉన్నాడు. రొంపిచెర్ల దగ్గర పల్లెటూరు. వాళ్ల నాన్న చాలాకాలం పంచాయతీ ప్రెసిడెంటుగా చేసిన రైతు. వాడు పాడతాడు. వాడి పక్కన పొట్టిగా, మాటాడాలంటే సిగ్గుపడే అబ్బాయి ఉన్నాడు. వాళ్లమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పటి నుంచీ చర్చిలో గిటారు వాయించి చెయ్యి తిరిగినవాడు. మిగిలిన ఇద్దరిలో ఒకడిది రెండో గిటారు, ఒకడివి డ్రమ్ములు.

పొడుగబ్బాయి ఒక ఇంగ్లీషు పత్రిక విప్పి బల్ల మీద పెట్టాడు. "భాయ్, ఇట్టాంటి కోట్లు నాలుగు కావాలి. కుట్టగలవా?"

బొమ్మలో నలుగురు తెల్ల కుర్రాళ్లు. సన్నటి కాలర్లు, మూడు గుండీల పొట్టి కోట్లు, మెడకు తాడంత సన్నటి టైలు, మడమ పైనే ఆగిన గొట్టం ప్యాంట్లు. వెనక వరసగా స్కూటర్లు, ఒకడి మెడలో గిటారు.

"ఎవరు బాబూ వీళ్లు?" అన్నాను.

"ఇంగ్లండులో బ్యాండు వోళ్లు. అక్కడిప్పుడంతా ఇదే గాలి. వాళ్ల అన్నల కాలం గిటారు పాటలు, అన్నల కాలం కోట్లు మళ్లీ బయటికి తీశారు. మా బాబాయి అక్కడ డాక్టరు. పుస్తకాలూ క్యాసెట్లూ ఆయనే పంపిస్తాడు. కాలేజీ ఫంక్షనుకి మేం కూడా ఇట్టా దిగాలని."

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. మామూ లేచి వచ్చి, పత్రికను ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "అరె," అన్నాడు, "ఇది నా కోటు."

కుర్రాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇదే కాలరు, ఇవే మూడు గుండీలు. పై గుండీ పెట్టుకుంటారు, మధ్యది పెట్టుకుంటారు, అడుగుది వదిలేస్తారు. అవునా కాదా?" పొడుగబ్బాయి బొమ్మ వంక చూసి, ఆయన వంక చూసి, తల ఊపాడు.

"కోస్తాం. రేపు గుడ్డ తీసుకురండి," అన్నాడు మామూ. అంత ఉషారుగా ఆయన మాట్లాడి ఎంతకాలమైందో నాకు గుర్తు లేదు.

ముదురు నీలం టెరికాటన్ తెచ్చారు. మామూ పక్కన నిలబడి చెప్పాడు, నేను కోశాను. కచ్చా కుట్లు వేసి ట్రయల్ చూశాం, మళ్లీ విప్పి కుట్టాం. నలుగురూ వేసుకుని అద్దం ముందు నిలబడితే, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. మామూ కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకున్నాడు.

రెండు రోజుల తర్వాత చర్చి పక్క హాల్లో వాళ్లు రిహార్సల్ పెట్టుకుంటే మమ్మల్నీ పిలిచారు. క్యాసెట్లలో పాటలు నేనదివరకు విని ఉండలేదు. మూడు నిమిషాల్లో ముగిసిపోయే పాటలు, పరుగెత్తే గిటారు. సిగ్గుపడే ఆ పొట్టి అబ్బాయి గిటారు మెడలో వేసుకున్నాడంటే మనిషి మారిపోయేవాడు. కుడిచెయ్యి చక్రంలా తిప్పి తీగల మీద కొట్టేవాడు. మొదటి పాటలోనే అలా చెయ్యెత్తి తిప్పాడు. పర్రుమంది. చంక కింద కుట్టు లైనింగు దాకా విచ్చిపోయింది. వాడు ఆపకుండా వాయించాడు. గిటారు పట్టీ లాగిన లాగుడికి ఎడమ భుజం కిందికి జారింది, కాలరు చెవి మీదికి ఎక్కింది. కిటికీ దగ్గర మూగిన పిల్లలు పడీపడీ నవ్వారు.

కబురు మాకంటే ముందు స్టేషన్ రోడ్డుకు చేరింది. ఎదురు షాపు బొంబాయి మాస్టరు మేం వినేలా అన్నాడు: "వాళ్ల కోటు బొమ్మకి తొడగాల్సింది. మనిషికి కాదు."

మర్నాడు ఒక జీపు వచ్చి మా షాపు ముందు ఆగింది. పొడుగబ్బాయి వాళ్ల నాన్న దిగాడు. తెల్ల పంచె, చేతిలో తుండుగుడ్డ. లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడ్డాడు.

"ఏమయ్యా సాయిబూ, మా వోడికి కోటు కుట్టావంట. చిరిగిపోయిందంట గూడా."

"మీ అబ్బాయిది కాదు ప్రెసిడెంటు గారూ. ఇంకో అబ్బాయిది," అన్నాడు మామూ.

"ఎవుడిదైతే ఏందిలే. ఆ ఫంక్షనుకి నన్ను ముందు వరసలో కూసోబెడతారు. అందరి ముందర మా వోడు కోతిలాగా గెంతి నవ్వులపాలైతే ఆ రోజే కాలేజీ మాన్పించి మిరపచేలోకి తోలతా. నీకు ముందే చెప్తన్నా." అంతే, జీపెక్కి వెళ్లిపోయాడు. ఆయన ఊరికే బెదిరించే మనిషి కాడని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

అప్పటిదాకా అది నాలుగు కోట్ల పని. ఆ జీపు వెళ్లాక ఒక పిల్లవాడి చదువు తేల్చే పనైంది. మామూకైతే అంతకంటే ఎక్కువ. తన కోటు ఇరవయ్యేళ్లకు తిరిగొచ్చి, ఊరందరి ముందూ చిరిగింది.

నేను గిటారు అబ్బాయికి కబురు పెట్టాను. "గిటారు తీసుకుని రా. కొలతలు మళ్లీ తీస్తా. నువ్వు వాయిస్తా ఉండు."

"షాపులోనా భాయ్?" అన్నాడు సిగ్గుతో.

"షాపులోనే."

వాడు బల్ల పక్కన నిలబడి వాయించాడు. నేను టేపు పట్టుకుని వాడి చుట్టూ తిరిగాను. చెయ్యెత్తినప్పుడు వీపు ఎంత వెడల్పవుతుంది, ఎడమచెయ్యి గిటారు మెడ మీదికి వెళ్లినప్పుడు మణికట్టు ఎంత బయటపడుతుంది, పట్టీ భుజాన్ని ఎక్కడ నొక్కుతుంది, అన్నీ సుద్దతో పాత కోటు మీదే గుర్తు పెట్టాను. రోడ్డు మీద జనం పోగయ్యారు. రిక్షా ఆపి మరీ చూశారు. కొలతలు తీసుకోవడం వినోదమైన రోజు నా బతుకులో అదొక్కటే.

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. చెయ్యి ఆడాలంటే చంక దగ్గర గుడ్డ వదులు చెయ్యాలన్నాను నేను. మామూ ససేమిరా అన్నాడు.

"వదులు చేస్తే చెయ్యితోపాటు కోటంతా పైకి లేస్తది. చంక పైకి కొయ్యి, ఒంటికి దగ్గరగా కొయ్యి. వదులు వెనక పెట్టు, భుజం ఎముక కాడ."

"అట్టాగైతే మళ్లీ చిరుగుతది మామూ."

"బ్యాండుమేళం వోళ్లకి యూనిఫారాలు కుట్టినోణ్ణి రా నేను. పెద్ద డోలు వాయించేవాడి కోటు అట్టాగే కోశా. ఏళ్ల తరబడి ఏసుకున్నాడు, కుట్టు కదల్లేదు."

ఒక పూటంతా వాదించుకున్నాం. నాకు నమ్మకం కుదరలేదు. చివరికి పాత గుడ్డతో ఇద్దరి పద్ధతుల్లోనూ ఒక్కో చెయ్యి అతికించి, వాడికే తొడిగి వాయించమన్నాం. నేను కుట్టిన వైపు చెయ్యెత్తితే కోటు మొత్తం లేచింది. మామూ చెప్పిన వైపు చెయ్యి మాత్రమే లేచింది, కోటు కదల్లేదు. "చూశావా?" అని కూడా అనలేదాయన. సుద్ద తీసి నా చేతిలో పెట్టాడు.

ఆపైన నా బుర్ర పనిచేసింది. ఎడమ భుజంలో దూది తీసేశాను, పట్టీ కూర్చోవడానికి. ఎడమ చెయ్యి పొడవు పెంచాను, మోచెయ్యి వంచే ఉంచుతాడు కాబట్టి. కుడి చెయ్యికి వెనకవైపు గుడ్డ ఎక్కువిచ్చాను. రెండు చేతులూ రెండు రకాలుగా ఉన్న కోటు అది. హ్యాంగరుకు తగిలిస్తే వంకరగా కనిపించేది. గిటారుతో నిలబడితే మాత్రం సూదిమొన లావు తేడా కూడా లేదు. తక్కిన మూడూ విప్పి ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లకి సరిచేశాం.

ఫంక్షను రోజు పొద్దున ఆఖరి ఇస్త్రీ కోసం నలుగురూ షాపుకొచ్చారు. వాళ్లతో పాటు పొడుగబ్బాయి బాబాయి కూడా వచ్చాడు, ఇంగ్లండు డాక్టరు. ముందురోజే సెలవు మీద దిగాడట. మంచి మనిషి. ఏ గొప్పా లేకుండా మా బల్ల మీదే కూర్చున్నాడు. కోట్లు చూసి ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత నవ్వేశాడు.

"ఒరేయ్, ఇంకా ఇందులోనే ఉన్నారా? అక్కడ ఇది ఎప్పుడో అయిపోయింది. మా ఆసుపత్రి పక్కన చిన్న హాలుండేది. శనివారం వస్తే ఇవే కోట్లేసుకుని, స్కూటర్లు బారు పెట్టి, కుర్రోళ్లు రోడ్డు దాకా నిలబడేవోళ్లు. రెండేళ్లన్నా నిలవలేదు. బ్యాండ్లన్నీ ఎక్కడియక్కడ విడిపోయినయ్. ఇప్పుడంతా గిటార్లు పక్కనబెట్టి, మెట్లున్న కరెంటు పెట్టెల మీద వాయిస్తన్నారు. ఆ కోట్లేసుకుంటే అక్కడ నవ్వుతారు."

ఆయన మామూలుగా చెప్పిన మాటే. కానీ పిల్లల ముఖాలు మాడిపోయాయి. గిటారు అబ్బాయి గుండీలు విప్పి కోటు తీసి బల్ల మీద పెట్టేశాడు. పొడుగబ్బాయి బెంచీ మీద కూలబడ్డాడు. "అయిపోయిన దాన్ని పట్టుకుని ఊగుతున్నామా ఇన్నాళ్లూ? నాన్న ముందు నవ్వులపాలేగా ఇంక," అన్నాడు. ఇస్త్రీ పెట్టె నా చేతిలోనే ఆగిపోయింది. 

మామూ అడిగాడు: "అక్కడ వదిలేశారా డాక్టరు గారూ?"

"వదిలేశారు మాస్టారూ."

"అందరూనా?"

"దాదాపుగా."

"అయితే ఇంక అడిగేవాడెవుడు? ఇది మనదే." ఆయన కోటు తీసి దులిపి, గిటారు అబ్బాయి వెనక్కి వెళ్లి పట్టుకుని నిలబడ్డాడు. "ఇరవయ్యేళ్ల కిందట ఈడ నేను కుట్టి వదిలేసింది వాళ్లు మళ్లీ ఏసుకుంటే తప్పు లేదంట. వాళ్లు వదిలేసింది మీరేసుకుంటే తప్పొచ్చిందా? చెయ్యి పెట్టు బాబూ. కోటు నీ చేతికి కోసింది. ఇంగ్లండు చేతికి కాదు."

కుర్రాడు కాసేపు తటపటాయించి చెయ్యి పెట్టాడు. డాక్టరు లేచాడు. నొచ్చుకున్నాడని తెలుస్తూనే ఉంది. "నేను అక్కడికి కొత్తగా పోయినప్పుడు మొదటి జీతంతో ఇట్టాంటి కోటే కొనుక్కున్నా మాస్టారూ," అన్నాడు. "ఇది అంతకన్నా బాగుంది. మాట తూలాను." ఆపైన నలుగురికీ ఆ సన్నటి టైలు తనే కట్టాడు. ఆ ముడి వెయ్యడం మాలో ఎవరికీ రాదు.

సాయంత్రం ఎండ ఇంకా దిగకముందే కాలేజీ ఆవరణలో ఫంక్షను మొదలైంది. ముందు వరసలో ప్రెసిడెంటు గారు, తుండుగుడ్డతో విసురుకుంటున్నాడు. కోట్లతో నలుగురూ స్టేజీ ఎక్కగానే వెనక నుంచి ఈలలు. "సినిమా పాట కొట్టండ్రా!" అని కేకలు. మొదటి పాట ఇంగ్లీషుది. సగం మంది లేచి సోడాలకు వెళ్లారు. 

రెండో పాట వాళ్లు సొంతంగా కట్టుకున్నది. అదే పరుగు, అదే గిటారు, మాటలు మాత్రం మన తెలుగు:

"రాదు రాదంటుంటే వచ్చె మాచర్ల బస్సు
వచ్చె వచ్చెనంటుంటే ఆగకపోయె బస్సు!"

ఒక్కసారి ఆవరణంతా గొల్లుమంది. ఆ బస్సు కోసం చెయ్యెత్తి, దుమ్ము తిని, తిట్టుకోనివాడు ఆ జనంలో ఎవడున్నాడు? సోడాలకు వెళ్లినవాళ్లు పరుగెత్తుకొచ్చారు. రెండోసారి పల్లవి జనమే పాడారు. గిటారు అబ్బాయి ముందుకొచ్చి చెయ్యి పైకెత్తి చక్రం తిప్పాడు, ఒకసారి కాదు, పాటంతా. అందరూ వాడి ముఖం చూస్తున్నారు. నేను చంక కింద కుట్టు చూస్తున్నాను. చెయ్యి లేచింది, కోటు కదల్లేదు. కాలరు మెడను వదల్లేదు. మామూకి అంత దూరం కనపడదు. "ఎట్టా ఉంది?" అని నా మోచెయ్యి పట్టుకుని అడుగుతూనే ఉన్నాడు. "ఉంది మామూ, నిలిచింది," అని అరిచాను. ఆ గోలలో ఆయనకు వినపడిందో లేదో, నా ముఖం దగ్గరికి ముఖం తెచ్చి చూసి, నవ్వాడు.

మర్నాడు మళ్లీ జీపు వచ్చింది. ఈసారి ప్రెసిడెంటు గారు మెట్టు దాటి లోపలికొచ్చాడు. గోడలు ఒకసారి కలియజూశాడు.

"ఆ పాటలు నాకేం ఎక్కలేదు సాయిబూ. బస్సు పాట బాగుంది. మా వోడు ఎప్పుడూ వంగి నడిచేవోడు. నిన్న నిలబడ్డాడు." గొంతు సవరించుకున్నాడు. "చదువుకోనీలే. ఆ కోటు కోసిందెవరు?"

మా వృత్తిలో పేరు షాపుది. కోసినవాడు, కుట్టినవాడు వెనక ఉండిపోతారు. అన్నేళ్లలో మామూ నన్ను ఎవరికీ చూపించింది లేదు, నేను ఆశించిందీ లేదు. ఆయన నా వైపు చెయ్యి చూపి, "మా మాస్టరు," అన్నాడు. "ఆయన్నే అడగండి." మాస్టరనే మాట ఆ షాపులో ఇంకొకరికి వాడటం అదే మొదలు. నేను తల వంచుకుని ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సర్దాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ ఏడాదంతా మాకు ఊపిరాడలేదు. "గిటారు కోటు" కావాలని పిల్లలు వరస కట్టారు. గిటారు పట్టనివాళ్లే ఎక్కువ. డాక్టరు గారి మాట మీద మామూ గుంటూరు వెళ్లి కళ్లకు ఆపరేషను చేయించుకొచ్చి, మళ్లీ బల్ల దగ్గర నిలబడ్డాడు. బ్యాండు సత్తెనపల్లిలో వాయించింది, మాచర్లలో ఒక పెళ్లిలో వాయించింది. అక్కడ బస్సు డిపో వాళ్లు అలిగారని విన్నాను. తర్వాత పరీక్షలొచ్చాయి. డ్రమ్ములవాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. గిటారు అబ్బాయికి రైల్వేలో ఉద్యోగమొచ్చింది. ఇంటర్వ్యూకి ఆ కోటే వేసుకెళ్లాడు. పొడుగబ్బాయి డిగ్రీ పూర్తిచేసి ఊరి రాజకీయాల్లో దిగాడు. గొంతు అక్కడ పనికొచ్చింది. ఇంగ్లండులో ఆ గాలి ఎంతకాలం వీచిందో మా పేటలోనూ సుమారుగా అంతే వీచింది. ఆ తర్వాత లూజు ప్యాంట్లు వచ్చాయి. ఈసారి మామూ ఎవరినీ ఏమీ అడగలేదు. నవ్వుకుంటూ అవీ కోశాడు.

డాక్టరు గారు ఆ సెలవులోనే తనకూ ఒక కోటు కుట్టించుకున్నాడు. మళ్లీ సెలవుకొచ్చినప్పుడు తిన్నగా షాపుకొచ్చాడు.

"మాస్టారూ, మా ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరున్నాడు, ఇంగ్లీషాయన. మనిషిని నమ్మడు గానీ గుడ్డను నమ్ముతాడు. ఒకరోజు నా భుజం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, 'లండన్లో ఏ టైలరు కుట్టాడు?' అన్నాడు. నరసరావుపేట అన్నా. మళ్లీ చెప్పమన్నాడు. చెప్పా. ఎంత తంటాలు పడ్డా ఆయనకి నోరు తిరగలేదు."

మామూ కోస్తున్న గుడ్డ మీద నుంచి కత్తెర ఎత్తలేదు.

"నోరు తిరక్కపోతే మానె," అన్నాడు. "కొలతలు పంపమనండి."